ఉంచుకున్నది కాదు, ఉండుకున్నది

నాయనా చెంగా,

అయ్యా, పై మాట తమరికి కాదు. కలం పట్టినప్పుడల్లా నా కొడుక్కే జాబు రాసినదాన్ని గనక చెయ్యి అలవాటున అదే రాసేసింది. కాగితం దొరకని కాలము, చింపడానికి మనసొప్పలేదు. దయచేసి ఇక్కడినుండి చదువుకోవలెను.

తాలూకా తహశీల్దారు దొరవారి సముఖమునకు, తిరుపతిలో కొండ దిగువన కాపురమున్న దేవకమ్మ చేసుకొను మనవి.

విషయం: నా కొడుకు చెంగల్రాయుడి పెట్టె తెరిచే లోపల, విచారణ కాగితంలో తప్పుపడిన ఒక అక్షరం దిద్దించుట గురించి.

1. నా కొడుకు రైలు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. యుద్ధం వచ్చినాక కంచరగాడిదలు తోలే పటాలంలో చేరి బర్మా పోయినాడు. అక్కడ చనిపోయినాడని తంతి వచ్చినది. పీనుగు రాలేదు. ఒక రేకు పెట్టె మాత్రం వచ్చి తమ కచేరీలో ఉన్నది. భార్య వచ్చి సంతకం పెడితేగాని ఇవ్వమని తమ గుమాస్తాగారు సెలవిచ్చినారు.

2. ఆ భార్య ఎవరన్నదే తగువు. కార్వేటినగరం వరదయ్య కూతురు పంకజాక్షికి నా కొడుకు తాళి కట్టినాడు. గుర్రం కంపు తనకు పడదని ఆ పిల్ల ఏడాది తిరగకముందే పుట్టింటికి పోయినది. చెడ్డపిల్ల అని నేను రాయను. రమ్మంటే రాలేదు, విడుపు ఇమ్మంటే వాళ్ళ నాయన ఇవ్వలేదు. తరువాత పలమనేరు నుండి మునిలక్ష్మి వచ్చినది. మొదటిదానికి విడుపు కాకుండా ఇంకొక తాళి కడితే కులంలోనుండి తోసేస్తామని పెద్దలు అన్నారు గనక తాళి లేదు. కాపురం మాత్రం ఉన్నది. వాడు పటాలానికి పోయినాక కూడా ఆ పిల్ల మా ఇల్లు విడవలేదు.

3. తమ రెవిన్యూ ఇనస్పెక్టరుగారు విచారణకు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. మునసబు ఓబయ్య పక్కన నిలబడినాడు.

"అవ్వా, నీ కోడలు యాడ ఉండాది?" అని అడిగినారు.

"కార్వేటినగరంలో ఉండాది సామీ" అన్నాను. మునిలక్ష్మి నన్ను అత్తా అని పిలుస్తుంది గాని, నేను దాన్ని అమ్మీ అనడమే గాని కోడలా అన్నది లేదు. అందుకని నోటికి అట్లా వచ్చినది.

"మరి ఆ వాకిలి కాడ నిలబడుకోనుండేది ఎవురు?"

"మునిలక్ష్మి. నా కొడుకుతో ఉండుకున్నది."

ఆయన నవ్వుకుంటూ రాసుకున్నారు. "రాసుకోండి సామీ, ముసల్ది నిజమే చెప్పె" అన్నాడు ఓబయ్య. సంతకానికి కాగితం నా చేతికి ఇస్తే కూడబలుక్కుని చదివినాను. ఉంచుకున్నది అని ఉన్నది.

"సామీ, నేను చెప్పింది డు. తమరు రాసింది చు."

"రెండూ ఒకటేలే అవ్వా" అన్నారు.

అయ్యా, రెండూ ఒకటి ఎట్లా అవుతాయి? ఉంచుకున్నదంటే వాడు ఉంచితే ఉన్నది, తీసేస్తే పోయేది. ఉంచుకోవడానికి నా కొడుకు జమీందారా? ఉండుకున్నదంటే ఎవరూ కట్టెయ్యకపోయినా పోకుండా నిలిచినది. నేను సంతకం పెట్టలేదు. నా బదులు ఎవరి వేలిముద్రైనా పడినదేమోనని అనుమానముగా ఉన్నది.

4. ఇది చెయ్యిజారి పడిన అక్షరము కాదని నా మనవి. విచారణకు ముందునాడు ఓబయ్యా వరదయ్యా ఒకే కాఫీ హోటల్లోనుండి మూతులు తుడుచుకుంటూ వచ్చినారు, కళ్ళారా చూసినాను. కాఫీ తాగితే తప్పా అని తమరు అడగవచ్చు. ఓబయ్య ఎవరికీ ఊరికే కాఫీ తాపించే మనిషి కాదు.

5. తంతి వచ్చిన తరువాత వరదయ్య, తన కూతురిని వెంటబెట్టుకుని దిగినాడు. ఆ పిల్ల చేతులకు గాజులు అప్పటికే లేవు. మునిలక్ష్మి తన గాజులు తియ్యబోతే వాకిట్లో ఆడవాళ్ళు పట్టుకున్నారు.

"తీసేదానికి నీకు తొడిగినోడెవురే?"

సరేనని తియ్యకుండా నీళ్ళకు పోతే, "మనిషి పోయినా గాజులు గలగలమంటాండాయి సూడు" అన్నారు. ఇప్పుడు ఆ పిల్ల గాజులు చప్పుడు కాకుండా చేతులకు గుడ్డ చుట్టుకుని నీళ్ళు తోడుతున్నది. ఆ గాజులు ఉండవలెనా తియ్యవలెనా, సర్కారువారి రూలు ఏమైనా ఉంటే తెలుపవలెను.

6. దాచకుండా రాస్తున్నాను, మునిలక్ష్మి మీద కూడా నాకు అనుమానము ఉన్నది. తంతి వచ్చిననాడు కంట నీరు పెట్టలేదు. లేచి పోయి గుర్రానికి మాలీసు చేస్తూ కూర్చున్నది. పెట్టె చేతికి రాగానే పలమనేరు బస్సు ఎక్కుతుందేమో. ఎక్కనీండి. నాకు అమ్మవారు పోసినప్పుడు వీధిలోవాళ్ళు మా తలుపు వైపు చూడలేదు. వేపాకు పరిచి, నా ఒంటి మీద ఈగ వాలకుండా కూర్చున్నది ఆ పిల్లే. తాళి చిన్నదని నేను అనను. నా మెడలో ఉన్నన్నాళ్ళు నాకు అదే ధైర్యము. కానీ పెళ్ళికి ఊరంతా సాక్షి, ఉండినదానికి నేనొక్కదాన్నే సాక్షి. ఆ సాక్ష్యం కూడా ఓబయ్య మార్పిస్తే నేను ఎక్కడ చెప్పుకునేది?

7. ఇక అసలు సంగతి. పీనుగు లేదు గనక పెట్టెలోని బట్టలనే పూడ్చి కర్మ చెయ్యమని పెద్దలు అన్నారు. ఎవరి బట్టలు? కళ్ళెం గుంజి గుంజి నా కొడుకు చొక్కాలు ఎడమ భుజం దగ్గరే చిరిగేవి. అక్కడ లోపలినుండి గుడ్డ వేసి కుట్టేది మునిలక్ష్మి. ఇంటినుండి తీసుకుపోయినవన్నీ ఆ కుట్టువే. కన్నదాన్నే అయినా నేను ఆ కుట్టు గుర్తుపట్టలేను. పంకజాక్షి ముందర ఏ చొక్కా పెట్టినా మా ఆయనదే అంటుంది. ఆ బిడ్డ చూసి ఎరిగినది కాదు గదా.

మా అరుగు మీద, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే డు పోయి చు అయినది. అంత దూరాన, అన్ని చావుల నడుమ, ఒకరి పెట్టె ఇంకొకరి పేరున రాదా? ఇంకొక చెంగల్రాయుడు ఉండడా?

మునిలక్ష్మి ఆ చొక్కా తిరగేసి చూసి "ఆయనదే అత్తా" అంటే నేను నమ్ముతాను, ఏడుస్తాను, పూడ్చి పెడతాను. "కాదత్తా" అంటే ఏమి చెయ్యవలెనో ఇప్పుడు రాయలేను. వేరే ఎవరు చెప్పినా నమ్మను, తమరు చెప్పినా నమ్మను, క్షమించవలెను.

కాబట్టి సర్కారు ఇచ్చేది ఏదైనా ఉంటే పంకజాక్షికే ఇప్పించండి. తాళికి అది చెల్లుతుంది, నాకు తగువు లేదు. బట్టలు మాత్రం ఉండుకున్నదాని చేతికి ఇప్పించండి. తమరి ఎదుటనే, ఓబయ్య లేకుండా, చు కొట్టివేసి డు వేయించి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేవకమ్మ
పార్థివ సంవత్సరం ఆషాఢ మాసం

మళ్ళీ మనవి: అర్జీలు రాసే ఆయనచేత రాయిస్తే ఆయన కూడా చు వేస్తాడేమోనని నేనే రాసినాను, తప్పులుంటే నావే. దొరవారు పొద్దుననగా వచ్చి సందెదాకా కుర్చీ దిగరనీ, ఇంటినుండి వచ్చిన క్యారియరు మూత తియ్యకుండానే తిరిగిపోతున్నదనీ తమ బంట్రోతు చెప్పినాడు. నా అర్జీ తిన్నాక చదివినా ఫరవాలేదు. వేళకు కడుపునిండా తినండి.