స్ప్రింగులు కోసిన కోర్టినా

అన్నా,

నువ్వు చనిపోయిన ఏడాదికి నీ కోర్టినా కారు రోడ్డెక్కింది. నిన్న ఈ దేశంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అందరితో కలిసి వేసే మన మొదటి ఓటుకు అమ్మనూ పెద్దమ్మనూ అందులోనే తీసుకెళ్లాను. మన ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే కాబట్టి, కాగితం మీద గుర్తు ఎలా పెట్టాలో ముందే నేర్పాను.

కారు మీద నువ్వు సగంలో వదిలిన పని నీ స్నేహితుడు సోలొమన్ పూర్తి చేశాడు. వెడల్పు చక్రాలు బిగించాడు. నువ్వు కొనిపెట్టిన లావుపాటి సైలెన్సర్ గొట్టం అతికించాడు. నిన్న స్టార్ట్ చేయగానే మన చక్కెర మిల్లు కూలీల ఇళ్లు, బారక్స్ అంతా బయటికొచ్చి చూసింది.

కారు నేలకు దగ్గరగా ఉండాలని నువ్వు స్ప్రింగులు కోశావు. ఇంటిల్లిపాదీ ఎక్కుతామని అనుకోలేదు. చెరకు తోట మలుపు దగ్గర వెనక టైర్లు బాడీకి రాసుకుని పొగ వచ్చింది. ఆపేశాను.

"కోయని స్ప్రింగులు ఇంకో జత షెడ్‌లోనే ఉన్నాయి చెల్లీ. రేపే మార్చేస్తాను, కారు పైకి లేస్తాది," అన్నాడు మాతో పాటు వచ్చిన సోలొమన్.

నేను సరే అనబోయాను. అంతలో అమ్మ తలుపు తీసుకుని దిగింది. కారు కిందికి దించావని నిన్ను రోజూ తిట్టిన అమ్మే.

"వాడు చేసింది ఎవురూ ముట్టొద్దు. నాకు కాళ్లున్నాయి."

"ఓటుకి ఇన్నేళ్లు ఆగినాం, ఇంకో మైలు నడవలేమా యేంటి!" అంటూ పెద్దమ్మా దిగింది. సోలొమన్ కూడా దిగాడు.

ఖాళీ కారును మొదటి గేరులో, వాళ్ల నడకకు తగ్గట్టుగా నడిపాను. అమ్మ దారి పొడవునా కిటికీ అంచు మీద చెయ్యి వేసి నడిచింది.

నీ చెల్లి