బూటు కింద పోయిన అచ్చు

మాస్టారూ, వందనాలు. మీరు పోయి ఏడాది మూడు నెలలైంది. సమాధుల తోటకి రావడానికి మొహం చెల్లక ఇంట్లో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కోర్టు సంగతి. మైలవరం బస్సు దిగి, మామిడితోట పక్కన ఆ బీడు అడిగి తీసుకుని, మట్టి జల్లించి, రోలరు లాగి మీరు చేసిన టెన్నిస్ కోర్టుకి ఇప్పుడు అకాడమీ అని పేరు. మామిడికాయల వ్యాపారం చేసే ఒకాయన కొన్నాడు. గేటు మీద ఫ్లెక్సీలో ఆయన బొమ్మ నిలువెత్తు... మీది మూలన, తపాలా బిళ్ళంత. ముప్పై ఏళ్ళు కోచ్‌గా బతికి, అరచేతులు కాయలు కాసి మీరు పోయారు. అన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఇటు తొంగి చూడని మనిషి ఇప్పుడు మైకు పట్టుకుని మా గురువు గారు అంటాడు. వింటుంటే ఒళ్ళంతా కంపరం ఎత్తుతుంది.

అయినా ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది? ఆయన అకాడమీకి హెడ్ కోచ్‌ని నేనే. నిన్నటిదాకా ఆయన కొనిచ్చిన తెల్ల బూట్లే వేసుకు తిరిగాను.

దుర్గ గుర్తుందా? తోటల్లో కాయలు కోసే మంగమ్మ కూతురు. మీరు చివరగా రాకెట్ పట్టించిన పిల్ల. "ఒరేయ్ దానియేలూ, బంతి దీని మాట వింటుందిరా. నేనుండను, నువ్వు చూసుకో" అన్నారు ఆస్పత్రిలో. చూసుకున్నాను మాస్టారూ... ఎలా చూసుకున్నానో వినండి.

పోయిన శనివారం జిల్లా జట్టుకి ఎంపికలు మన కోర్టులోనే పెట్టారు. ఆఖరి ఆట దుర్గకీ, ఓనరు గారి అమ్మాయికీ. గెలిచినవాళ్ళు జిల్లాకి ఆడతారు. అంపైరు కుర్చీలో నేను. దుర్గకి ఇంకొక్క పాయింటు చాలు. కొట్టింది... అబ్బ, ఎంత బాగా కొట్టిందని! బంతి అవతలి మూల గీత దగ్గర పడింది. ఓనరు గారి అమ్మాయి అవుట్ అని చెయ్యెత్తింది.

కుర్చీ దిగి వెళ్ళాను. "కళ్ళని నమ్మకురా, మట్టిని నమ్ము. బంతి ఎక్కడ పడిందో అచ్చు చెబుతుంది" అని ఎన్నిసార్లు చెప్పారు మీరు! మట్టి మీద అచ్చు చక్కగా కనిపిస్తోంది. సగం గీత మీదే. వేలితో దాని చుట్టూ సున్నా చుట్టి, బంతి లోపలే అని చెప్పాలి. అంతే కదా నా పని?

అప్పుడు ఓనరు గారు దగ్గారు. ఒక్క దగ్గు.

నా బూటు ఆ అచ్చు మీదుగా పోయింది. అవుట్ అన్నాను. ఛీ! బూటు పోయిందట... తనంతట తనే పోయిందా? నేనే చెరిపాను మాస్టారూ. కాలు పెట్టి రాసి మరీ చెరిపాను.

అక్కణ్ణించి దుర్గ ఆట చెదిరిపోయింది. ఏడవలేదు, పోట్లాడలేదు. ఓడినవాళ్ళు కోర్టుకి నీళ్ళు కొట్టాలన్న మీ పద్ధతి ఉంది కదా... పైపు తీసుకుని మూలమూలకీ కొట్టి, పైపు చుట్టిపెట్టి వెళ్ళింది. ఓనరు గారు నా భుజం తట్టి నోట్లో లడ్డూ పెట్టారు. సిగ్గులేకుండా మింగాను కూడా. ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ నెయ్యి వాసన గొంతులోంచి పోదే! ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుంటే ప్రార్థన రాలేదు. ఆ అచ్చే కనిపించింది.

"అచ్చు చెరిపినవాడు పాయింటు ఇచ్చేసినట్టే. వాడు నువ్వయినా, నేనయినా" అనేవారు మీరు. జరిగింది జరిగినట్టు రాసి, ఇవాళ పొద్దున ఎంపిక చేసేవాళ్ళ చేతికిచ్చాను. మళ్ళీ ఆడిస్తారో, కాగితం చెత్తబుట్టలో పడేస్తారో... బూట్లు ఓనరు గారి బల్ల మీద పెట్టేశాను. అడుగున ఎర్రమట్టి అలాగే ఉంది.

అట్నుంచి అటే మామిడితోటకి వెళ్ళాను. మంగమ్మా, దుర్గా, తక్కినవాళ్ళూ బంగినపల్లి కాయలు ట్రేలలో సర్దుతున్నారు. అందరి ముందూ చెప్పాను. మంగమ్మ నా మొహాన ఉమ్మేస్తుందనుకున్నాను. ఉమ్మితే తుడుచుకునేవాణ్ణి కాదు. దుర్గ మాత్రం ఒక్కటే అడిగింది... ఇంతకీ బంతి ఎంత లోపల పడిందండీ అని.

గొంతుక్కూర్చుని నేల మీద వేలితో గీత గీశాను. దాని మీద సగం పడేట్టు అచ్చు వేశాను. చుట్టూ సున్నా చుట్టాను, మీరు చుట్టినట్టే. చాలాసేపు చూసింది. కాయల ట్రే నెత్తికెత్తుకుని, ఆ సున్నా తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్ళింది.

నన్ను క్షమించిందంటారా? మీరైతే క్షమించేవారా?

రేపు తెల్లవారగానే, ఓనరు గారి మనుషులు గేటు తాళం మార్చేలోపే వెళ్ళి కోర్టుకి నీళ్ళు కొడతాను మాస్టారూ. ఓడింది నేను కదా.

మీ
దానియేలు