ప్రొద్దుటూరు లేని రైలుదారి

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున చర్చిలో ప్రార్థన పెట్టించాం. మధ్యాహ్నం నీ స్నేహితుడు ఖాజా వచ్చి, నువ్వు సగంలో వదిలేసిన ఆటను నీ కంప్యూటర్లో తెరిచాడు. అదే, పాతకాలపు బొగ్గు ఇంజన్‌ను నడిపే ఆట.

"అక్కా, బండిని ఎర్రగుంట్ల నుంచి మన పొద్దుటూరికి తిప్పుదామా? శానా బాగుంటాది," అన్నాడు.

నువ్వుంటే వాడి మీద అరిచేవాడివి. "బొగ్గు ఇంజన్ల కాలంలో పొద్దుటూరికి పట్టాలు యాడుండాయిరా? మొన్న మొన్న ఏసిన లైనది. బండి నేరుగా ముద్దనూరికి పోవాల్సిందే!" అని ఇదే కుర్చీలో ఎన్నిసార్లు కొట్లాడావో.

ఆ మాటే వాడికి చెప్పాను. వెంటనే వాడు ఆటలోని ఇప్పటి మ్యాపులోంచి, ఎర్రగుంట్ల నుంచి మన వైపు వచ్చే పట్టాలను ముక్క తర్వాత ముక్కగా చెరిపేస్తూ వచ్చాడు. మన స్టేషను పోయింది. దాని అవతల, పట్టాలు దాటుతుండగా నిన్ను రైలు గుద్దిన మలుపు దగ్గర వాడి చెయ్యి ఆగిపోయింది.

"చెరిపెయ్యప్పా," అన్నాను. "ఆ కాలంలో అది లేదు."

ఇప్పుడక్కడ ఉత్త శనగ చేను. ఎవరైనా ఇటు నుంచి అటు నడిచి వెళ్లిపోవచ్చు.