నా పేరు మీద నీ రోగం

అక్కా,

బాగున్నవా అని అడగను. నువ్వు పోయి ఎనిమిదేండ్లాయె. నేను రేగొండలనే ఉన్న, రెండు రొమ్ములతోని, మంచిగనే ఉన్న. ఊరోళ్లు మాత్రం ఇంకా నన్ను జూసి, కేన్సర్ వచ్చి బతికి బయటపడ్డదని చెప్పుకుంటున్నరు.

యాదికున్నదా? పట్నం దవాఖానల పేరు రాసేటామె అడిగితే, నీ పేరు చెప్పాల్సిన కాడ నా పేరు చెప్పినవ్. బయటికొచ్చినంక నేను కొట్లాడితే ఏమన్నవ్? "తల్లికి గీ రోగమని తెలిస్తే నా రజితను ఎవడు చేసుకుంటడే? నీకేంది, పిల్లలా జెల్లలా!"

ఎంత తేలికగ అన్నవక్కా...

మొగడు ఇడిసిపెట్టినదాన్ని, కడుపు పండనిదాన్ని, గా మాటకు గూడ తలూపిన. నీ బిడ్డనే నా బిడ్డనుకున్న. నీ వెంట్రుకలు రాలితే నాకూ గుండు కొట్టిచ్చినవ్. రోగం నాదని, నీ గుండేమో చెల్లె బతకాలని అప్పజెప్పిన మొక్కని ఊరంత నమ్మింది. నిన్ను దేవత అన్నరు. నన్ను రజిత పెండ్లిల పసుపు దంచేకాడికి రానియ్యలే. నువ్వు నా దిక్కు చూసినవ్, చూసి మొఖం తిప్పుకున్నవ్. ఎందుకక్కా?

ఆఖరికి రోగం లివర్‌కు పాకి నువ్వు పచ్చబడితే కామెర్లన్నం. నా చెయ్యి నీ నెత్తి మీద పెట్టుకొని "రజితకు చెప్తే నా పీనుగను చూసినట్టే" అని ఒట్టు పెట్టిచ్చుకున్నవ్. పీనుగను ఎట్లనైనా చూస్తి గద!

పోయినేడు రజిత జనగామ నుంచి వచ్చింది. ఇంట్ల అందరి దవాఖాన కాయితాలు ఫోన్ల ఎక్కించి, ఏ డాక్టర్ కాడికి పోయినా చూపెట్టేటట్టు ఒక్క ఫైల్ చేస్తనన్నది. బియ్యం డబ్బా ఎనుక దాచిన సంచి ఆమె ముందట గుమ్మరించిన. ఒక్కో కాయితం మడతలు సాపు చేసి, ఫోటో తీసి, తారీఖుల వారీగ పెట్టింది. 'చిన్నమ్మ' అని రాసిన దాంట్ల అరవై కాయితాలు. 'అమ్మ' దాంట్ల కామెర్ల చీటి ఒక్కటి.

నన్నూ తోలుకపోయి అది చూపెడితే జనగామ డాక్టరమ్మ ఏమన్నదో తెలుసా? తల్లికే ఉండుంటే ఇప్పటిసంది ఏటేటా పరీక్షలు చేపిచ్చుకోవాలె, చిన్నమ్మకే గదా, అంత తొందర లేదన్నది. నేను పక్క కుర్సీలనే ఉన్న. నోరు తెరువలే. నీ ఒట్టు యాదికొచ్చింది... కాదు, ఇంకా అబద్ధమెందుకు? రజిత నన్ను అసహ్యించుకుంటదని భయపడ్డ.

పోయిన నెల రజితకు రొమ్ముల గడ్డ దొరికింది. ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. అదే రోగం. జర ముందుగల వస్తే బాగుండునన్నరు.

అప్పుడు చెప్పిన. పిల్ల ఏడ్వలే, తిట్టలే. పోయినేడు ఆ కుర్సీల కూసున్నప్పుడు నీకు తెలుసా అని ఒక్కటే అడిగింది. తెలుసన్న. ఫోన్ తీసి, నా దాంట్ల ఉన్న కాయితాలన్నీ ఒక్కొక్కటి 'అమ్మ' దాంట్లకు మార్చింది. అన్నిటి మీద నా పేరే ఉండె, డాక్టర్లు ఎట్ల నమ్ముతరు? ఇది మా అక్క రోగమని రాసి సంతకం పెట్టిన. కాయితాలల్ల ఒక రొమ్ము తీసేసినట్టున్నది గద, డాక్టరమ్మ ముందట రైక ఇప్పి నా రెండూ చూపెట్టిన గూడ. నీకు సిగ్గనిపించిందా అక్కా? నాకైతే అనిపించింది.

తర్వాత రజిత తన బిడ్డ పేరు మీద కొత్త ఫైల్ తెరిచి, అండ్ల మొట్టమొదలు నీ కాయితాలే పెట్టింది. నీ మనవరాలికి ఆరేండ్లు. నువ్వు చూడనే లేదు.

రజిత నాతోని మాట్లాడ్తలేదు. కీమోకు తోడు వస్తనంటే ఒద్దన్నది. నువ్వే నయం, ఫోటోల దండేసుకొని నవ్వుకుంట కూసున్నవ్.

నీకొక్క మాట ఇస్తున్న, విను. నీ మనవరాలికి సంబంధం వచ్చిననాటికి నేను బతికుంటే, వచ్చినోళ్లను కూసోబెట్టి, చాయ్ ఇచ్చేకంటె ముందుగల గీ ఫైలే చూపెడత. లేచిపోయేటోళ్లు పోనీ.

ఉంట మరి.

పద్మ