దండ వేసిన ఫోటో

ఫిల్మ్‌నగర్,
3వ తేదీ.

సముద్ర ప్రయాణ హెచ్చరికల విభాగం అధికారి గారికి,

నమస్కారం. యుద్ధం జరుగుతున్న సముద్రంలోకి ఎవరూ వెళ్లవద్దని, వెళ్లినవాళ్ల తాలూకువాళ్లు ఫోటోతో వివరాలు పంపాలని మీ ప్రకటన చదివాను. మా తమ్ముడు మౌళి అప్పటికే వెళ్లాడు. సినిమాల్లో చిన్న వేషాలు వేసేవాడు. అవి తగ్గాక సరుకు ఓడలో వంటవాడిగా చేరాడు. పది రోజులుగా ఆ ఓడ అక్కడే చిక్కుకుపోయి ఉంది. అలా చిక్కుకున్నవాళ్లను తేవడానికి మీరు పంపే పడవలో వాడికి చోటివ్వండి. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. తక్కినది ఆంజనేయస్వామి దయ.

ఇట్లు,
రమామణి

తా.క. ఫోటో జతపరిచాను. ఇంట్లో ఉన్నవాటిల్లో ముఖం స్పష్టంగా ఉన్నది ఇదొక్కటే.

*

శ్రీమతి రమామణి గారికి,

తాము పంపిన ఛాయాచిత్రం అందినది. పూలదండతో ఉన్న మీ సోదరుని మృతికి విభాగం తరఫున ప్రగాఢ సంతాపం. మృతులకు పడవలో చోటు కేటాయించుటకు నిబంధనలు అంగీకరించవు. ఫైలు మూసివేయడమైనది.

భవదీయుడు,
వెంకటనర్సయ్య, సెక్షన్ ఆఫీసర్

తా.క. ధైర్యంగ ఉండుండ్రి అమ్మా. పోయినోళ్ల ఫోటోల ఇంత కళ నేనెప్పుడు చూడలే.

*

ఫిల్మ్‌నగర్,
9వ తేదీ.

వెంకటనర్సయ్య గారికి,

నమస్కారం. మా తమ్ముడు బతికే ఉన్నాడు. నిన్న ఫోన్ కూడా చేశాడు. అది సినిమా ఫోటో. గోడ మీద దండతో వేలాడే హీరో తండ్రి, హీరోయిన్ తాత, ఇలాంటి వేషాలకే వాణ్ణి పిలిచేవారు. ముఖంలో శాంతం ఉందట. షాటయ్యాక దండ తీసి, దిష్టి తీసి, ఒకసారి నవ్వించి ఇంటికి పంపేవారు. వాడి ఆధార్ నకలు, ఇంకో ఫోటో పంపుతున్నాను. పడవ బయల్దేరేలోగా పేరు చేర్చండి.

ఇట్లు,
రమామణి

తా.క. ఇందులో దండ లేదు. దుప్పటి కూడా మెడ దాకానే కప్పారు.

*

శ్రీమతి రమామణి గారికి,

రెండవ ఛాయాచిత్రం మొదటిదానిని ధ్రువపరచుచున్నది. ఆధార్ మనిషి ఎవరో చెప్పును, ఉన్నాడో లేడో చెప్పదు. ఉన్నచో మీ సోదరుడు స్వయంగా మా కార్యాలయానికి వచ్చి సంతకం చేయవలెను. పడవ రేపు బయలుదేరును. ఖాళీ అయిన చోటు అదే ఓడలోని బోరబండ వాసి జంగయ్యకు ఇవ్వబడినది.

భవదీయుడు,
వెంకటనర్సయ్య, సెక్షన్ ఆఫీసర్

తా.క. ముక్కుల దూది పెట్టిన ఫోటో పంపితే నేనేం జెయ్యాలె అమ్మా? సముద్రంల ఉన్నోడు గీడికెట్లొస్తడని మా సార్‌ను అడిగిన. లంచ్ లోపల రమ్మనుమన్నడు.

*

ఫిల్మ్‌నగర్,
28వ తేదీ.

వెంకటనర్సయ్య గారికి,

నమస్కారం. మౌళి మొన్న ఇంటికొచ్చాడు. ఓడకు దారి వదిలాక, ఏదో రేవులో దిగి, రెండు దేశాలు దాటి వచ్చాడు.

జాబితాలో పేరు లేదని మీ పడవ వాళ్లు వాణ్ణి నిచ్చెన దగ్గరే ఆపేశారట. "బతికే ఉన్నాను సార్" అంటే, "కాగితం చూపించు" అన్నారట. వాడి చోట జంగయ్య ఎక్కాడు. నువ్వు బతికే ఉన్నావని ఊరెళ్లాక మీ అక్కకు చెబుతాలే అని చెయ్యి ఊపాడట. పడవ కనుచూపు మేర దాటకముందే దాని మీద బాంబు పడింది. ఒక్కరూ మిగల్లేదు.

మీ పొరపాటు వల్ల నా తమ్ముడు దక్కాడు. మీకు దణ్ణం పెట్టాలో, ఉసురు తగలాలనాలో తెలియక నిన్నంతా దేవుడి ముందు కూర్చున్నాను. ఒక్క శ్లోకమూ నోటికి రాలేదు. మౌళి అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నాడు.

జంగయ్య తల్లిని చూసి వచ్చాను. ప్రభుత్వం నుంచి కాగితమేదీ రాలేదు కాబట్టి కొడుకు వస్తున్నాడనే అంటోంది. ఇల్లు అలుకుతోంది. నేను ఇంకో బకెట్ నీళ్లు అందించి వచ్చేశాను. ఆ కాగితం త్వరగా పంపండి. ఆవిడకు చదువు రాదు.

ఇట్లు,
రమామణి

తా.క. అందులో నిబంధనలేవీ రాయకండి. ఆవిడ ఎదురుగా కూర్చుని పైకి చదవాల్సింది నేను.