అసుంతక్కకు నేనేమవుతాను

అరోరా, ఇల్లినాయ్
12 మే 1984

నా పేరు దేవకుమారి. డెబ్బై రెండేళ్లు. ఇంట్లో కొడుకు సుందర్ రాజ్, కోడలు లూసీ, నేను. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, లూసీ రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

నర్సింగ్ హోమ్‌లో అబద్ధం చెప్పి లోపలికి వెళ్లానని నా మీద నింద. పక్కింటి ఇటలీ ఆవిడ అసుంత అక్కడుంది. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది. ఫ్యామిలీనే రానిస్తారట. ఏమవుతావని నర్సు అడిగింది. సిస్టర్ అన్నాను. నాకంటే పెద్దదాన్ని అక్క అనక పేరు పెట్టి పిలుస్తానా?

13 మే

అసుంతక్క కూతురు తెరెసా ఫోన్ చేసింది. మా అమ్మకు ఇండియాలో చెల్లెలు ఎప్పుడు పుట్టిందని లూసీని అడిగిందట. ఇక రావద్దంది. సుందర్ సారీ చెప్పేయమన్నాడు.

చెప్పను.

15 మే

మా ఇటలీ మాటల చదువు ఫెన్స్ దగ్గర మొదలైంది. నేను గోంగూర ఇస్తే ఆమె టమాటా ఇచ్చేది. ఉన్ పొమొదోరో, ఒక టమాటా. ఊనా సేదియా, ఒక కుర్చీ. మనకు అన్నిటికీ ‘ఒక’ చాలు. వాళ్లకు టమాటా మగ, అందుకే ఉన్; కుర్చీ ఆడ, అందుకే ఊనా. అద్దం మగదే అయినా దానికి ఊనో, మనం ‘గారు’ తగిలించినట్టు. తప్పు చెబితే నా వేలి మీద టక్కుమని కొట్టేది. మా అమ్మ కూడా నన్నన్ని దెబ్బలు కొట్టలేదు. అక్కకు కాక ఇంకెవరికుంటుంది ఆ చనువు?

16 మే

సారీ చెప్పలేదు.

18 మే, ఉదయం

లూసీని వెంటబెట్టుకుని తెరెసా ఇంటికి నేనే వెళ్లాను. మీ అమ్మమ్మ కడుపున పుట్టానని నేననలేదు, మా వైపు అక్క అంటే ఇదీ అని చెప్పించాను. అమ్మ కన్నకూతుర్నే గుర్తుపట్టడం లేదు, నువ్వెళ్లి ఏం చేస్తావంది.

“పాఠం ఒప్పజెబుతాను” అన్నాను.

లూసీ ఇంగ్లీషులో చెప్పింది. తెరెసా కారు తాళాలు తీసుకుంది.

18 మే, మధ్యాహ్నం

అక్క కళ్లు గోడ వైపే ఉన్నాయి. ఆమె చేతిలో చెయ్యి పెట్టి, కావాలనే తప్పు చెప్పాను. ఉన్ సేదియా. కదల్లేదు.

“ఉన్ సొరెల్లా” అన్నాను. సొరెల్లా అంటే తోబుట్టువు. ఊనా అనాలని నాకు తెలియదా?

టక్కుమని పడింది దెబ్బ.

దేవకుమారి వేలిముద్ర. దెబ్బ తిన్న వేలిదే.
చూసినవాళ్లు: లూసీ, తెరెసా.