మేనమామ చెయ్యి

ఏప్రిల్ 20

నాకు ఓణీల ఫంక్షన్ చేస్తారట. ఛీ. పెద్దదాన్నయ్యానని సెంటర్లో ఫ్లెక్సీ కట్టి చెప్పాలా? రెండు వైపులా కలిపి నేనొక్కదాన్నే మనవరాలిని. అందరి సరదాలూ నా నెత్తినే.

మేనమామ పట్టుబట్టలు పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాలి. నాకు మేనమామే లేడు. అమ్మ ఒక్కతే కూతురు. మీ తాత ఒక్క ఆడపిల్లతో ఆపేసి నా మనవరాలికి మేనమామ గతి లేకుండా చేశాడు అని నాయనమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ ఒకటే దెప్పుడు. నువ్వు కన్నదీ నాన్నొక్కడినేగా, హారతివ్వడానికి నా మేనత్త ఏదీ అన్నాను. మిరపకాయల చేట తీసుకుని లోపలికి పోయింది.

ఏప్రిల్ 23

దర్శి నుంచి తాతయ్య వచ్చాడు, అమ్మవాళ్ల నాన్న. చీరాల వెళ్లి పట్టు లంగా, ఓణీ తనే ఎంచాడట. పండుమిర్చి రంగు. చొప్ప మిషన్లో పడి సగమే మిగిలిన చిటికెన వేలితో మడతలు సర్ది చూపించాడు. మామైనా తాతైనా నేనేగా, నేనే కూర్చోబెడతా అన్నాడు. ఇదెక్కడి చోద్యం అన్నయ్యగారూ, జనం నవ్విపోతారండి అంది నాయనమ్మ. తాతయ్య బట్టలు మళ్లీ కవర్లో పెట్టేశాడు.

ఏప్రిల్ 25

మేనమామ దొరికాడు. అద్దె సరుకు. కనిగిరిలో కోటి అట, అమ్మకి ఎటునుంచో తమ్ముడి వరస. అమ్మే వాణ్ణి సరిగా చూసి ఎరగదు. ఫ్లెక్సీలో నాకంటే వాడే పెద్దగా ఉన్నాడు, కూలింగ్ గ్లాసెస్‌తో. తాతయ్య ఫొటో లేదు.

ఏప్రిల్ 26

తాతయ్య ఆ కవరు కోటి చేతికి ఇచ్చేశాడు.

ఏప్రిల్ 27, సాయంత్రం

కోటి చెయ్యి చాపాడు. గుట్కా కంపు. ఫొటోగ్రాఫర్ తాతయ్యతో, పెద్దాయనా, ఫ్రేమ్‌లోంచి కాస్త జరగండి అన్నాడు. నాకు తిక్క రేగింది. వీడితో రానన్నాను. తాతయ్యా నువ్వు రా అని అరిచాను. మైకులో కూడా వినపడిందట. అమ్మ కూడా వెళ్లు నాన్నా అంది.

తాతయ్య వచ్చి చెయ్యి చాపాడు. గట్టిగా పట్టుకున్నాను. కుర్చీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పరువు తీశావు కదే అని నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవడూ నవ్వలేదు. బిర్యానీ అయిపోతుందని అందరూ అటు పరిగెత్తారు.

జూన్ 8

ఆల్బమ్ వచ్చింది. నన్ను కుర్చీ దగ్గరికి తీసుకెళ్తున్నది కోటి! నాయనమ్మ చెప్పి తల మార్పించిందట.

చెయ్యి మార్చడం మర్చిపోయారు. చిటికెన వేలు సగమే ఉంది.